జర్మనీ రైళ్ళలో దూరప్రయాణం: ఏ టికెట్ గిట్టుబాటు, ఏది దండగ

బెర్లిన్ నుంచి మ్యూనిక్ వెళ్ళే ఐసీఈ అనే హైస్పీడ్ రైల్లో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు టికెట్‌కు 30 యూరోలు పెట్టి ఉండొచ్చు, ఇంకొకరు 150 దాటి పెట్టి ఉండొచ్చు. రైలు ఒకటే, తరగతి ఒకటే, నాలుగు గంటల ప్రయాణమూ ఒకటే. ఎవరు ఎప్పుడు కొన్నారు, ఏ షరతుకు ఒప్పుకుని కొన్నారు అన్నదాంట్లోనే తేడా అంతా ఉంది. జర్మనీ రైల్వే సంస్థ డాయిచ బాన్ అమ్మే టికెట్లను ఆ షరతుల వైపు నుంచి చూస్తే ఏది కొనాలో, ఏది వదిలేయాలో తేలిగ్గా తెలుస్తుంది. ఇక్కడి అంకెలు 2026 మొదటి నెలలకు సంబంధించినవి. రేట్లు ఎక్కువగా డిసెంబర్ రెండో ఆదివారం, కొత్త టైంటేబుల్‌తో పాటు మారుతుంటాయి కాబట్టి కొనేముందు ఒకసారి సరిచూసుకోవాలి.

ముందే తీర్పు చెప్పేస్తాం. దూరప్రయాణానికి పదింటిలో ఎనిమిదిసార్లు అతి చవకైన సూపర్ స్పార్‌ప్రైస్ టికెటే సరైనది. దాని షరతులు చదివి జనం భయపడేంత ప్రమాదం అందులో లేదు. ఎందుకు లేదో కింద వివరంగా రాశాం, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది ఆ భయం వల్లే.

మూడు ధరలు

సూపర్ స్పార్‌ప్రైస్ రెండో తరగతిలో దాదాపు 18 యూరోల దగ్గర మొదలవుతుంది. టికెట్ మీద రాసిన ఐసీఈ రైలే, లేదా ఐసీ (ఐసీఈ కంటే నెమ్మదైన దూరప్రయాణ రైలు) అయితే ఆ ఐసీయే ఎక్కాలి, రద్దు చేస్తే డబ్బు రాదు. స్పార్‌ప్రైస్ దానికంటే కొన్ని యూరోలు ఎక్కువ. అదీ ఒకే రైలుకు కట్టుబడిన టికెట్టే, కాకపోతే ప్రయాణానికి ముందురోజు దాకా 10 యూరోలు కోసుకుని మిగతాది వెనక్కిస్తారు. ఫ్లెక్స్‌ప్రైస్ కొంటే ఆ రోజు ఆ దారిలో వెళ్ళే ఏ రైలైనా ఎక్కవచ్చు. రేటు మాత్రం చాలాసార్లు మూడు నాలుగు రెట్లు.

ఈ మూడింటిలో మధ్యదాన్ని మేం మెచ్చుకోలేం. 25 యూరోల స్పార్‌ప్రైస్ రద్దు చేస్తే చేతికి వచ్చేది 15. అదే ప్రయాణానికి సూపర్ స్పార్‌ప్రైస్ 20 ఉందనుకుందాం. స్పార్‌ప్రైస్ కొన్న ప్రతిసారీ 5 యూరోలు అదనంగా పెట్టి, రద్దు చేసినప్పుడు మాత్రమే 15 వెనక్కి తెచ్చుకుంటున్నారు. అంటే మూడు ప్రయాణాల్లో ఒకటి రద్దయ్యేవాళ్ళకు అది సరిసమానం, అంతకంటే తక్కువ రద్దయ్యేవాళ్ళకు నష్టం. టికెట్ 80, 90 యూరోలు అయి, రెండు రకాల మధ్య తేడా మాత్రం ఏడెనిమిది యూరోలే ఉంటే అప్పుడు స్పార్‌ప్రైస్‌కు అర్థముంది. వీసా అపాయింట్‌మెంటో ఇంటర్వ్యూ తేదీయో ఇంకా ఖాయం కాకపోయినా అంతే.

వయసు 27 నిండనివాళ్ళకు ‘యంగ్’ అనే సూపర్ స్పార్‌ప్రైస్ ఉంది, సుమారు 13 యూరోల నుంచి మొదలు. 65 నిండినవాళ్ళకు ‘సీనియర్’ ఉంది. రెండూ వాటంతట అవి కనిపించవు. వెతికేటప్పుడు ప్రయాణికుల వివరాల్లో వయసు వరుస సరిగ్గా ఎంచుకోవాలి. చాలామంది ‘1 పెద్దవారు’ అని ఉన్నదాన్ని అలాగే వదిలేసి ఎక్కువ చెల్లిస్తున్నారు.

రానుపోను కలిపి కొంటే తగ్గింపు ఏమీ లేదు. వెళ్ళే టికెట్, వచ్చే టికెట్ విడివిడిగా కొంటేనే మేలు: ఒకవైపు చవక రైలు దొరికిన రోజు అది కొనేసి, రెండోవైపు తర్వాత చూసుకోవచ్చు.

ఎప్పుడు కొనాలి, ఎలా వెతకాలి

2024 అక్టోబర్ నుంచి దూరప్రయాణ టికెట్లు 12 నెలల ముందుగానే అమ్ముతున్నారు, అంతకుముందు ఆరు నెలలే. అంటే ఏడాది ముందే కొనాలని కాదు. ప్రతి రైలుకూ ఒక్కో రేటు మెట్టుకు కొన్ని టికెట్లు కేటాయిస్తారు. కింది మెట్టు అయిపోతే పై మెట్టు తెరుస్తారు. ఖాళీగా వెళ్ళే రైలుకు కింది మెట్టు ప్రయాణం రోజు దాకా మిగిలే ఉంటుంది. కిక్కిరిసే రైలుకు నెలల ముందే అయిపోతుంది. కాబట్టి ఎంత ముందు కొనాలన్నది ఎక్కే రైలును బట్టి ఉంటుంది. మంగళవారం మధ్యాహ్నం లైప్‌జిగ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు వారం ముందు చూసినా చవకగా దొరికే అవకాశం ఎక్కువ. ఈస్టర్ ముందు గురువారం, డిసెంబర్ 23, అక్టోబర్ 3 సెలవు వారాంతానికి దగ్గరపడే శుక్రవారం లాంటి రోజులకు మాత్రం అమ్మకం తెరిచిన కొద్ది నెలల్లోనే కొనేయాలి.

వారంలో ఖరీదైన వేళలు రెండు: శుక్రవారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా, ఆదివారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. ఉద్యోగాల కోసం వేరే ఊళ్ళో ఉండేవాళ్ళంతా ఆ వేళల్లోనే ఇళ్ళకు వెళ్ళి వస్తారు. శనివారం మధ్యాహ్నం, మంగళ, బుధవారాల మధ్యాహ్నాలు, తెల్లవారుజామున ఆరుకు ముందు బయల్దేరే రైళ్ళు చవక. ఆదివారం సాయంత్రం బదులు సోమవారం తెల్లవారి రైలు పట్టుకుంటే టికెట్ సగానికి పడిపోవడం మామూలే. స్కూలు సెలవులు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తేదీన మొదలవుతాయి కాబట్టి, బయల్దేరే ఊరి రాష్ట్రానివే కాక దారిలో పడే పెద్ద రాష్ట్రాల తేదీలూ చూడాలి. బవేరియా సెలవులు మొదలయ్యే శనివారం ఉత్తరం నుంచి దక్షిణానికి చవక రైలు కోసం వెతికితే నిరాశే.

వెతకడానికి బాన్ డాట్ డీఈ సైటు గానీ, డీబీ నావిగేటర్ యాప్ గానీ చాలు, మధ్యవర్తి సైట్లకు వెళ్ళాల్సిన పని లేదు. ఊళ్ళ పేర్లు, తేదీ ఇచ్చాక ‘బెస్ట్‌ప్రైస్’ వెతుకులాట నొక్కితే రోజంతటిలో ఏ పూట ఏ రైలు చవకో వరసగా చూపిస్తుంది. ఆ తర్వాత చాలామంది ముట్టుకోని మీట ఒకటుంది: ‘వేగంగా వెళ్ళే రైళ్ళకు ప్రాధాన్యం’ అన్న గుర్తు ముందుగానే పెట్టి ఉంటుంది. దాన్ని తీసేయండి. నెమ్మదిగా వెళ్ళే ఐసీలు, పాత మార్గాల్లో తిరిగే ఐసీఈలు అప్పుడు బయటపడతాయి.

దీనికి కొలోన్, ఫ్రాంక్‌ఫర్ట్ మధ్య మార్గాన్ని మించిన ఉదాహరణ లేదు. 2002లో తెరిచిన హైస్పీడ్ మార్గంలో ఐసీఈ గంటకు 300 కిలోమీటర్ల వేగం అందుకుని గంటా పావు అటూఇటుగా చేరుస్తుంది. కోబ్లెంజ్, మాయింజ్ మీదుగా రైన్ నది ఒడ్డున వెళ్ళే పాత మార్గానికి రెండు గంటల ఇరవై నిమిషాల దాకా పడుతుంది, టికెట్ మాత్రం తరచుగా బాగా చవక. పైగా ఆ రెండు గంటలూ వృథా కావు. కొలోన్ నుంచి బయల్దేరితే ఎడమవైపు కిటికీలోంచి నది, ద్రాక్షతోటలు, కోటలు, లోరెలై కొండ కనిపిస్తాయి. గంట ఎక్కువ పట్టినా ఫర్వాలేదనుకునేవాళ్ళు హైస్పీడ్ మార్గానికి డబ్బు పెట్టనక్కర్లేదు.

రద్దీ రోజుల్లో మొదటి తరగతి రేటు కూడా ఒకసారి చూడటం మంచిది. రెండో తరగతిలో కింది మెట్లన్నీ అయిపోయి మొదటి తరగతిలో ఇంకా మిగిలి ఉన్నప్పుడు తేడా నాలుగైదు యూరోలకు తగ్గుతుంది, ఒక్కోసారి తలకిందులే అవుతుంది.

రైలుకు కట్టుబడటం: భయం ఎంత, నిజం ఎంత

చవక టికెట్ ఫలానా రైలుకే చెల్లుతుందన్న షరతును జర్మన్‌లో ట్సుగ్‌బిండుంగ్ అంటారు. రైలు తప్పితే టికెట్ పోయినట్టే అని జనం అనుకునేది దీని వల్లే. మీరు ఆలస్యంగా స్టేషన్‌కు వచ్చి తప్పితే నిజంగానే పోతుంది. తప్పు రైల్వేదైతే కథ పూర్తిగా వేరు.

గమ్యానికి 20 నిమిషాలు, అంతకు మించి ఆలస్యంగా చేరతారని తేలిన క్షణం నుంచి ఆ కట్టుబాటు రద్దవుతుంది. రైలు రద్దయినా, ముందు రైలు ఆలస్యమై లింకు రైలు తప్పినా అంతే. అదే సూపర్ స్పార్‌ప్రైస్ టికెట్‌తో తర్వాతి ఐసీఈ ఎక్కవచ్చు, వేరే దారిలో కూడా వెళ్ళవచ్చు. కట్టుబాటు ఎత్తేసినట్టు యాప్‌లో టికెట్ దగ్గరే చూపిస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే రైల్లో తనిఖీకి వచ్చినవాళ్ళతో మాట్లాడాల్సిన అవసరం తగ్గుతుంది. గమ్యానికి 60 నిమిషాలు, ఆపైన ఆలస్యం అవుతుందని తేలితే ప్రయాణమే మానుకుని మొత్తం డబ్బు వెనక్కి అడగవచ్చు. ‘రద్దుకు వీల్లేదు’ అన్న టికెట్‌కు కూడా ఈ హక్కు ఉంది.

ఇది ఎంత తరచుగా అక్కరకొస్తుందో ఒక్క అంకె చెబుతుంది. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని సమయానికి వచ్చినట్టే లెక్కేసినా, 2024లో దూరప్రయాణ రైళ్ళలో సమయపాలన 62.5 శాతం. రద్దయిన రైళ్ళు ఆ లెక్కలోకే రావు. ఇది ప్రయాణికులకు కష్టమే. టికెట్ కొనేటప్పుడు మాత్రం దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఉంది: మధ్యలో ఒకటి రెండు చోట్ల మారాల్సిన ప్రయాణానికి చాలా సందర్భాల్లో కట్టుబాటు దానంతట అదే ఊడిపోతుంది. ఫ్లెక్స్‌ప్రైస్‌కు మూడింతలు పెట్టి కొనే వెసులుబాటు అప్పుడు ఉచితంగా వచ్చినట్టే.

అయితే ఈ రక్షణంతా ఒకే టికెట్‌కు. డబ్బు మిగులుతుందని ప్రయాణాన్ని ముక్కలు చేసినవాళ్ళు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. ఇంగోల్‌స్టాట్‌లో ఉండేవాళ్ళు న్యూరెంబర్గ్ దాకా స్థానిక రైళ్ళ నెలవారీ పాస్‌తో (కింద చెప్పే డాయిచ్‌లాండ్‌టికెట్) వెళ్ళి, అక్కడి నుంచి బెర్లిన్‌కు విడిగా సూపర్ స్పార్‌ప్రైస్ కొన్నారనుకుందాం. మొదటి రైలు ఆలస్యమై బెర్లిన్ ఐసీఈ తప్పితే ఆ టికెట్ చెల్లదు. ఐసీఈ దాని సమయానికి అది వెళ్ళింది, మీరు రాలేదు. రెండూ వేర్వేరు ఒప్పందాలు.

అందుకే పాస్ ఉన్నా సరే, ఇంటి దగ్గరి స్టేషన్ నుంచి గమ్యం దాకా ఒకే టికెట్‌గా వెతికి రేటు చూడండి. చాలాసార్లు తేడా సున్నా, లేదంటే రెండు మూడు యూరోలు. ఆ టికెట్‌లో స్థానిక రైలు భాగానికి కట్టుబాటు లేదు, ఐసీఈకి మాత్రమే ఉంది. అంటే అరగంట ముందు వెళ్ళే స్థానిక రైలు కూడా ఎక్కవచ్చు. ఒకే టికెట్ మరీ ఖరీదైతే, విడిగా కొని రెండు రైళ్ళ మధ్య కనీసం గంట వదలండి. స్థానిక రైలు గంటకొకటే ఉన్న ఊరైతే ఒక రైలు ముందుది పట్టుకోండి.

వెతికేటప్పుడు లింకు సమయం ఎంత ఉండాలో మార్చుకునే వీలుంది. సామాను, పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే 20 నిమిషాలు పెట్టడం మంచిది. ఒంటరిగా చిన్న సంచీతో వెళ్ళేవాళ్ళకు ఏడెనిమిది నిమిషాల లింకు ఉన్న టికెట్ ఒక్కోసారి చవకగా వస్తుంది, తప్పినా తర్వాతి రైలు ఉంటుంది. ఆ రోజుకు అదే ఆఖరి రైలైతే మాత్రం అలాంటి లింకు జోలికి వెళ్ళొద్దు.

ఇంకో రెండు మాటలు. టికెట్ ఎవరి పేరున ఉందో వాళ్ళే ప్రయాణించాలి. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు రాయండి, ఇంటిపేరు, పేరు తారుమారు చేయొద్దు. సిటీ బస్సు, ట్రామ్ ఛార్జీ కలిసి ఉండే సిటీ టికెట్ సౌకర్యం సూపర్ స్పార్‌ప్రైస్‌కు లేదు. స్టేషన్ నుంచి ఇంటికి విడిగా టికెట్ తీసుకోకపోతే, ఆదా చేసిన దానికంటే ఎక్కువ, 60 యూరోలు జరిమానాగా పోతాయి.

బాన్‌కార్డ్ లెక్క

బాన్‌కార్డ్ అంటే డాయిచ బాన్ అమ్మే తగ్గింపు కార్డు. బాన్‌కార్డ్ 25 రెండో తరగతికి ఏడాదికి 62.90 యూరోలు. అన్ని రకాల దూరప్రయాణ టికెట్ల మీదా 25 శాతం తగ్గిస్తుంది. లెక్క సులువు: ఏడాదిలో మీ టికెట్ల అసలు విలువ 251.60 యూరోలు దాటితే గిట్టుబాటు. సగటున 30 యూరోల టికెట్లు కొనేవాళ్ళకు తొమ్మిదో ప్రయాణంలో కార్డు డబ్బు తిరిగొచ్చేస్తుంది.

బాన్‌కార్డ్ 50 పేరు చూసి సగం రేటుకే ప్రయాణమని కొనేవాళ్ళు చాలామంది. ఆ సగం ఫ్లెక్స్‌ప్రైస్ మీద మాత్రమే. స్పార్‌ప్రైస్, సూపర్ స్పార్‌ప్రైస్ మీద అదీ 25 శాతమే తగ్గిస్తుంది. 244 యూరోల ఆ కార్డుకు, 25 కార్డుకు తేడా 181.10. ఆ తేడా తిరిగి రావాలంటే ఏడాదికి 724 యూరోలకు పైగా విలువైన ఫ్లెక్స్‌ప్రైస్ టికెట్లు కొనాలి. క్లయింటు పిలిచిన రోజే బయల్దేరాల్సిన ఉద్యోగాలకు సరే, సెలవులకూ పండగలకూ తిరిగే కుటుంబాలకు అది దండగ. 27 లోపు వాళ్ళ సంగతి వేరు: వాళ్ళ 25 కార్డు సుమారు 40, 50 కార్డు సుమారు 80 యూరోలు. తేడా 40 మాత్రమే కాబట్టి, ఏడాదిలో 160 యూరోల ఫ్లెక్స్‌ప్రైస్ కొన్నా లాభమే.

ఏడాదికి సరిపడా ప్రయాణాలు లేనివాళ్ళకు మూడు నెలల ప్రయోగపు కార్డు ఉంది, 20 యూరోల లోపు. మూడు నెలల్లో 80 యూరోల విలువైన టికెట్లు కొంటే సరిపోతుంది. వేసవి సెలవుల్లో ఒక పెద్ద ప్రయాణం చేసేవాళ్ళకు మేం ముందుగా చెప్పేది ఇదే. కానీ గట్టి హెచ్చరిక: గడువు ముగియడానికి కనీసం 4 వారాల ముందు రద్దు చెప్పకపోతే అది ఏడాది కార్డుగా మారిపోయి డబ్బు కట్టమని బిల్లు వస్తుంది. ఏడాది కార్డులూ అంతే, వాటంతట అవే పొడిగించుకుంటాయి. కార్డు కొన్న వారంలోనే రద్దు లేఖ ఆన్‌లైన్‌లో పంపేయండి. గడువు తీరేదాకా కార్డు మామూలుగానే పనిచేస్తుంది.

కార్డు చెల్లుబాటు చూసేది ప్రయాణం రోజున, టికెట్ కొన్న రోజున కాదు. ఐదు నెలల తర్వాతి ప్రయాణానికి ఈరోజే తగ్గింపు టికెట్ కొని, మధ్యలో కార్డు గడువు తీరిపోతే రైల్లో ఆ తగ్గింపు చెల్లదు. 2024 జూన్ నుంచి ప్లాస్టిక్ కార్డులు ఆపేశారు, అంతా యాప్‌లోనే. ఫోన్ ఛార్జి చూసుకోవడం కూడా ఇప్పుడు టికెట్ జాగ్రత్తలో భాగమే.

డాయిచ్‌లాండ్‌టికెట్

2023 మేలో 49 యూరోలకు మొదలై, 2025 జనవరిలో 58కి, 2026 జనవరిలో 63కి చేరిన నెలవారీ పాస్ ఇది. దేశమంతటా ఆర్ఈ, ఆర్‌బీ, ఎస్‌బాన్ అనే స్థానిక రైళ్ళు, సిటీ బస్సులు, ట్రామ్‌లు, మెట్రోలు రెండో తరగతిలో దీనితో ఎక్కవచ్చు. ఐసీఈ, ఐసీ, ఈసీ (పక్క దేశాలకు వెళ్ళే దూరప్రయాణ రైలు), ప్రైవేటు ఫ్లిక్స్‌ట్రెయిన్ ఎక్కడానికి లేదు. విద్యార్థులకు యూనివర్సిటీ ద్వారా ఇచ్చేది అసలు రేటులో 60 శాతమే, అంటే నెలకు 37.80. ఉద్యోగులకు కంపెనీ కనీసం 25 శాతం భరిస్తే మరో 5 శాతం తగ్గుతుంది. ఈ విషయం అడగకపోతే చెప్పని కంపెనీలు ఉంటాయి, హెచ్‌ఆర్‌ను అడగండి.

దూరప్రయాణానికి ఇది పనికొస్తుందా? కొన్ని మార్గాల్లో అద్భుతంగా. మ్యూనిక్, న్యూరెంబర్గ్ మధ్య ఆర్ఈ రైలు ఇంగోల్‌స్టాట్ మీదుగా హైస్పీడ్ మార్గంలోనే గంటకు 190 కిలోమీటర్ల దాకా వెళ్ళి గంటా మూడు పావుల్లో చేరుస్తుంది. ఐసీఈకి గంటా ఐదు నిమిషాలు. నలభై నిమిషాల కోసం వేరే టికెట్ కొనడం అనవసరం. లైప్‌జిగ్, డ్రెస్డెన్ మధ్య, హాంబుర్గ్, బ్రెమెన్ మధ్య కూడా తేడా అరగంట అటూఇటే. మ్యూనిక్ నుంచి సరిహద్దు దాటి సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా, ఫ్రైబుర్గ్ నుంచి బాజెల్‌లోని జర్మన్ స్టేషన్ దాకా ఇదే పాస్ చెల్లుతుంది.

హాంబుర్గ్ నుంచి మ్యూనిక్‌కు దీనితో వెళ్దామనుకోవడం మాత్రం పొరపాటు. ఐదారు చోట్ల మారాలి, రోజంతా పడుతుంది, ఒక్క రైలు ఆలస్యమైతే మిగతాదంతా కుప్పకూలుతుంది. 20 నిమిషాలు ఆలస్యమైతే ఐసీఈ ఎక్కే హక్కు ఈ పాస్‌కు లేదన్నది మరచిపోవద్దు. మూడు గంటలు, రెండు మార్పులు: అంతవరకే దీన్ని నమ్ముకోండి. అది దాటితే ఐసీఈ సూపర్ స్పార్‌ప్రైస్ కొనడమే ఆదా.

ఇది పాస్ అన్నా నిజానికి చందా. ఏ నెల 10వ తేదీలోపు రద్దు చెబితే ఆ నెలాఖరుకు ఆగుతుంది, 11న చెబితే ఇంకో నెల డబ్బు పోతుంది. ఒక్క నెలకే కావాలనుకునేవాళ్ళు నెల మొదట్లో తీసుకుని వెంటనే రద్దు పెట్టాలి. నెల మధ్యలో కొంటే కొందరు అమ్మకందార్లు మొత్తం నెల రేటే తీసుకుంటారు.

పాస్ లేని నలుగురైదుగురు కలిసి ఒకరోజు తిరగాలంటే రాష్ట్రాల వారీ రోజు టికెట్లు ఇప్పటికీ బాగానే ఉన్నాయి. బవేరియా టికెట్ ఐదుగురి దాకా వర్తిస్తుంది, పనిదినాల్లో ఉదయం 9 నుంచి మర్నాడు తెల్లవారి 3 దాకా. శని, ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే మొదలు. అందరి పేర్లూ టికెట్ మీద రాయాలి. రాష్ట్రాలు దాటాలంటే క్వేర్-డుర్క్స్-లాండ్ టికెట్ ఉంది, నియమాలు ఇలాంటివే.

పిల్లలు, సీట్లు

ఆరేళ్ళ లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. 6 నుంచి 14 ఏళ్ళవాళ్ళు పెద్దవాళ్ళతో దూరప్రయాణ రైళ్ళలో ఉచితం, కానీ టికెట్ కొనేటప్పుడే వాళ్ళను లెక్కలో చూపాలి. ‘ఉచితమే కదా’ అని వదిలేస్తే రైల్లో ఆ బిడ్డకు టికెట్ లేనట్టే.

టికెట్ కొంటే రెండో తరగతిలో సీటు వచ్చినట్టు కాదు. రిజర్వేషన్ 2025 జూన్ నుంచి మనిషికి 5.50 యూరోలు. అప్పుడే కుటుంబమంతటికీ ఒకే రేటుకు ఇచ్చే రిజర్వేషన్‌ను తీసేశారు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు వెళ్ళివస్తే రిజర్వేషన్లకే 44 యూరోలు. ఇది కుటుంబాల మీద నిజమైన భారం. ఈ సేవలో మాకు బొత్తిగా నచ్చని మార్పు ఇదే.

ప్రతిసారీ రిజర్వేషన్ అక్కర్లేదు. యాప్‌లో రైలు పక్కన రద్దీ గుర్తు చూడండి. తక్కువ అని ఉంటే డబ్బు మిగుల్చుకోండి, శుక్ర, ఆదివారాల్లో, పండగలకు మాత్రం పెట్టండి. రైలు మొదలయ్యే స్టేషన్‌లో ఎక్కేవాళ్ళకు సీటు దొరకడం తేలిక. రిజర్వు చేసినవాళ్ళు రైలు బయల్దేరిన 15 నిమిషాల దాకా రాకపోతే ఆ సీటులో కూర్చోవచ్చు. రైలు మారితే పాత సీటు కొత్త రైలుకు దానంతట అది రాదు.

ఫ్లిక్స్‌ట్రెయిన్

డాయిచ బాన్‌వి కావు, 2018 నుంచి వేరే ప్రైవేటు సంస్థ నడుపుతున్న ఆకుపచ్చ రైళ్ళు. బెర్లిన్, హాంబుర్గ్, కొలోన్, స్టుట్‌గార్ట్ లాంటి పెద్ద ఊళ్ళ మధ్యే ఉన్నాయి, రోజుకు తక్కువ సర్వీసులు. ముందుగా కొంటే ఐసీఈ సూపర్ స్పార్‌ప్రైస్ కంటే కిందికి దిగుతాయి. బాన్‌కార్డ్ చెల్లదు. వాటి టికెట్‌తో ఐసీఈ ఎక్కడానికి లేదు, రైలు రద్దయితే తర్వాతిది చాలా గంటల తర్వాతో మర్నాడో. నేరుగా వెళ్ళే మార్గమై, అవతల చేరాల్సిన గడియ ఏదీ లేకపోతే ధైర్యంగా కొనవచ్చు. విమానం పట్టుకోవాల్సిన రోజు వద్దు.

యూరప్ బయట నివసిస్తూ చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళకు జర్మన్ రైల్ పాస్ ఉంది. నెలలో కొన్ని రోజులు ఎంచుకుని ఏ ఐసీఈ అయినా ఎక్కే స్వేచ్ఛ. ప్రయాణ తేదీలు ముందే తెలిస్తే సూపర్ స్పార్‌ప్రైస్‌లు విడివిడిగా కొనడమే చాలాసార్లు చవక. రోజూ ఊరు మారుతూ అప్పటికప్పుడు నిర్ణయించుకునేవాళ్ళకే పాస్ కలిసొస్తుంది.

ఆలస్యానికి వచ్చే డబ్బు

గమ్యానికి 60 నిమిషాలు, ఆపైన ఆలస్యంగా చేరితే ఆ వైపు టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలు, ఆపైన అయితే 50 శాతం తిరిగి ఇస్తారు. యాప్‌లో లేదా సైటులో టికెట్ తెరిచి, ప్రయాణికుల హక్కుల దరఖాస్తు ఎంచుకుని, ఏ రైల్లో ఎప్పుడు చేరారో నింపి, బ్యాంకు ఖాతా నంబరు ఇస్తే చాలు. ఐదు నిమిషాల పని. గడువు ప్రయాణం తర్వాత మూడు నెలలే. ఒకప్పుడు ఏడాది ఉండేది, 2023 జూన్‌లో తగ్గిపోయింది. పాత అలవాటుతో ఆగేవాళ్ళు నష్టపోతున్నారు.

4 యూరోల లోపు మొత్తాన్ని చెల్లించరు. 13.50 యూరోలకు కొన్న టికెట్‌కు 25 శాతం అంటే 3.37, అంటే గంటన్నర ఆలస్యమైనా ఏమీ రాదు, రెండు గంటలు దాటితేనే 6.75 వస్తుంది. డాయిచ్‌లాండ్‌టికెట్‌కు గంట ఆలస్యానికి 1.50 చొప్పున లెక్క. ఒక్కొక్కటీ విడిగా పంపితే రాదు, కనీసం మూడు ఆలస్యాలు పోగుచేసి ఒకేసారి పంపాలి. తీవ్రమైన వాతావరణం, పట్టాల మీదికి మనుషులు రావడం లాంటి కారణాలకు ఇప్పుడు పరిహారం ఉండదు. రైల్వే సిబ్బంది సమ్మెకు మాత్రం ఉంటుంది.

రాత్రి ఆఖరి రైలు తప్పి అర్ధరాత్రిలోపు గమ్యం చేరలేని పరిస్థితి వస్తే ముందు స్టేషన్‌లోనో రైల్లోనో సిబ్బందిని అడగండి. హోటలో వేరే వాహనమో ఏర్పాటు చేయాల్సింది వాళ్ళే. అడగడానికి ఎవరూ లేకపోతేనే సొంతంగా టాక్సీ తీసుకోండి, 120 యూరోల దాకా తిరిగి ఇస్తారు. రసీదు మీద తేదీ, సమయం, ఎక్కడి నుంచి ఎక్కడికో రాయించుకోండి. అవి లేని రసీదు పంపితే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.